రొయ్యకు రైట్ రైట్.. రోగికి ఆగాగు!

కరోనాలో రాష్ట్రానికే ఫస్ట్ ర్యాంకు మనది. 2020 మార్చి 12న ఆంధ్రప్రదేశ్‌లో తొలి కేసు తేలింది నెల్లూరులోనే. ఇటలీ నుంచి వచ్చిన ఓ విద్యార్థికి పాజిటివ్. ఇంకేం? కెమెరాలు దిగాయి. బ్లీచింగ్ బస్తాలు దిగాయి. పదమూడు రోజులు తిరిగేసరికి దేశం మొత్తానికి తాళం పడింది.

తాళం వేయడం తప్పని ఎవరూ అనడం లేదు. కొత్త రోగం. మందు లేదు. భయం మాత్రం దండిగా ఉంది. వేయాల్సిందే. కానీ తాళం వేసినవాడి దగ్గరే తాళంచెవి కూడా ఉంటుంది కదా? ఎవరి కోసం తీశారు? ఎవరు తలుపు బాదినా తీయలేదు? ఆ లెక్క ఇన్నేళ్లలో ఎవరైనా అడిగారా? అడిగితే ఎవరైనా చెప్పారా?

తలుపు తీసినవాటిలో ముందువరస రొయ్యది.

నవ్వకండి. నెల్లూరు తీరంలో రొయ్యంటే మాటలా? అల్లూరు నుంచి విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, కోట, వాకాడు దాకా చెరువులే చెరువులు. ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి. మేత పడుతూనే ఉండాలి. కౌంటుకొచ్చిన సరుకు పట్టాక ఐసు, లారీ సిద్ధంగా లేకపోతే గోవిందా. ఆ సంగతి ఢిల్లీకి కూడా చప్పున అర్థమైంది. 2020 ఏప్రిల్ 10న కేంద్ర హోంశాఖ ఉత్తర్వు ఇచ్చింది. చేపల వేట, ఆక్వా సాగు, హేచరీలు, మేత ఫ్యాక్టరీలు, సరుకు రవాణా, ఆ పనుల్లో ఉండే కూలీలు.. అందరికీ లాక్‌డౌన్ నుంచి మినహాయింపు. మంచి పనే. రైతు బతికాడు. కూలీ బతికాడు. అభ్యంతరం ఎవరికి?

ఒక్కటే సందేహం. రోజు ఆగితే రొయ్య పాడైపోతుందని పసిగట్టిన సర్కారుకు, నెల ఆగితే క్యాన్సర్ రోగి ఏమైపోతాడో తట్టలేదా? తట్టలేదంటే అజ్ఞానం. తట్టినా పట్టించుకోలేదంటే? ఆ మాటేమిటో మీరే అనుకోండి. ఇక్కడ అచ్చు వేయలేం.

కార్డు చెల్లుతుంది, దారి చెల్లదు

నెల్లూరు తీరంలో ఎవరింట్లోనైనా క్యాన్సర్ అని తేలితే వినిపించే మొదటి మాట ఏమిటి? "మద్రాసుకు తీసుకుపోండి." పేరు చెన్నై అయి మూడు దశాబ్దాలు కావస్తున్నా మనకది మద్రాసే. అక్కడి అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ 1954లో పుట్టింది. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి నాటితే డాక్టర్ శాంత పెంచారు. మన జిల్లా పేద రోగులకు తరాలుగా అదే పెద్ద దిక్కు. కాదంటే వేలూరు సీఎంసీ. ఇంకా కాదంటే తిరుపతి స్విమ్స్. నెల్లూరులోనే రెడ్‌క్రాస్ వాళ్ల క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. అయినా కేసు ముదిరిందనగానే ఇంటిల్లిపాది చూపు దక్షిణానికే. చెన్నై 175 కిలోమీటర్లు. రైలెక్కితే మూడు గంటలు.

సర్కారు కూడా ఈ నిజాన్ని ఒప్పుకుంది. 2019 నవంబరు 1 నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ పెద్దాస్పత్రుల్లోనూ ఆరోగ్యశ్రీ చెల్లుతుందంది. జనం చప్పట్లు కొట్టారు. అయిదు నెలలు కూడా నిండలేదు. కార్డు జేబులో ఉంది. ఆస్పత్రి అక్కడే ఉంది. మధ్యలో రోడ్డు మూసుకుపోయింది.

ఇప్పుడు తడ దగ్గరికి రండి. మన రాష్ట్రం అయిపోయేది అక్కడే. గీత దాటితే ఆరంబాక్కం. చంద్రయాన్ ఎగిరిన శ్రీహరికోట ఆ పక్కనే. ఆ రోజుల్లో అక్కడ నిలబడి చూస్తే చంద్రుడే దగ్గర. అడయారే దూరం.

తీరంలో ఏదో ఒక పాళెంలో ఓ పెద్దమ్మ ఉందనుకోండి. రొమ్ములో గడ్డ. ఆపరేషన్ అయింది. అడయారులో కరెంటు పెడుతున్నారు. వారానికి అయిదు రోజుల చొప్పున వారాల తరబడి పెట్టే రేడియేషన్ అది. మధ్యలో ఆపకూడదు. పండక్కని ఇంటికొచ్చింది. ఆ ఏడు ఉగాది మార్చి 25. లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. పచ్చడి తినక ముందే చేదు తెలిసిపోయింది. కొడుకు ఆస్పత్రి ఫైలు సంచిలో పెట్టుకుని, కారువాణ్ని బతిమాలి, తల్లిని తడ దాకా తెచ్చాడు. తర్వాత ఏమవుతుందో మీకు తెలియనిదా?

"యాడికి?"

"అడయారుకు సార్. అమ్మకు కరెంటు పెట్టించాల. ఇంకా పదకొండు సార్లు ఉండాది."

"పాసుందా?"

"పెట్టినాం సార్. రిజెక్ట్ అని మెసేజొచ్చింది."

"ఎమర్జెన్సీయా?"

"క్యాన్సర్ సార్."

"అదేనయ్యా అడిగేది. ఎమర్జెన్సీయా, కాదా?"

చెప్పండి. మీరైతే ఏం జవాబిస్తారు?

ఆ కానిస్టేబుల్‌ను తిట్టి లాభం లేదు. మండుటెండలో నిలబడ్డది అతనే. తుమ్మినవాళ్ల మొహాలు దగ్గర్నుంచి చూసిందీ అతనే. అతని చేతిలోని కాగితంలో ఈ పెద్దమ్మ లేదు. ఉండాలని ఆ కాగితం రాసిన పెద్దమనుషులకు అనిపించలేదు. వాళ్లెవరూ తడ వైపు తొంగి చూడలేదు. వాళ్లకు అవసరమూ లేదు.

ఈ-పాస్ దరఖాస్తు గుర్తుందా? ఎందుకు వెళ్తున్నారు అనే ప్రశ్నకు గళ్లు ఇచ్చారు. పెళ్లి. చావు. వైద్య అత్యవసరం. గుండెపోటైతే ఆఫీసరుకు అర్థమవుతుంది. కాన్పు నొప్పులైతే కళ్లకు కనపడుతుంది. క్యాన్సర్ నిదానంగా చంపుతుంది. నిదానంగా చంపేవాటిని మన ఆఫీసులు అత్యవసరం కింద జమకట్టవు. మరి దారేది? ఓపిక పట్టడమే. వైద్యం గడిలో దొరకని పాసు కొన్నాళ్లు పోతే చావు గడిలో దొరుకుతుంది. రోగికి కాదులెండి. చూడటానికి వచ్చే బంధువులకు.

లేని రైలుకు నూరు శాతం రాయితీ

రైల్వే వాళ్ల కరుణ గురించి చెప్పుకోకపోతే పాపం. అనవసర ప్రయాణాలు తగ్గించాలని 2020 మార్చి 20 నుంచి టికెట్ రాయితీలు ఎత్తేశారు. ముసలివాళ్ల రాయితీ కూడా ఎగిరిపోయింది. క్యాన్సర్ రోగుల రాయితీ మాత్రం భద్రంగా ఉంచారు. స్లీపర్ క్లాసులో రోగికి నూటికి నూరు శాతం. చేతులెత్తి దండం పెట్టాలి కదా? తొందరపడకండి. రెండు రోజులకే రైళ్లన్నీ ఆపేశారు. పినాకిని ఎక్స్‌ప్రెస్ లేదు. ప్యాసింజరు లేదు. సూళ్లూరుపేట లోకల్ లేదు. రాయితీ ఉంది, రైలు లేదు. ఇంత చవక ప్రయాణం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

తమిళనాడు అధికారులు ఇంకో మెట్టు ఎక్కారు. 2020 ఏప్రిల్ చివరి వారంలో వేలూరు జిల్లా యంత్రాంగం చిత్తూరు సరిహద్దు రోడ్ల మీద గోడలు కట్టించింది. సైనగుంట దగ్గర ఒకటి. పొన్నై దారిలో ఒకటి. బారికేడ్లు కావు. ఇటుకలు పేర్చి, సిమెంటు పూసిన గోడలు. నట్టనడి రోడ్డుకు అడ్డంగా! అంతా ఛీకొట్టాక కూల్చారు. ఏ వేలూరు అనుకున్నారు? 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యాలయం సీఎంసీ అనే మహావృక్షమైన వేలూరు. తెలుగు రోగులు తరతరాలుగా మూటాముల్లె సర్దుకుని బయల్దేరే వేలూరు. గోడ కనపడితే వైరస్ సిగ్గుపడి వెనక్కి పోతుందని ఏ సైంటిస్టు చెప్పాడో! అంబులెన్సయితే పోక తప్పదు.

అరవవాళ్లను ఆడిపోసుకుని మనం చంకలు గుద్దుకోనక్కర్లేదు. 2021 మేలో ఏం జరిగింది? ఆంధ్రా నుంచి వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో ఆపేశారు. అప్పటికి హైదరాబాద్ ఏమిటి? విభజన చట్టం ప్రకారం ఇంకా మన ఉమ్మడి రాజధాని! రాజధానికి వెళ్తున్న రోగిని వెనక్కి తిప్పిన ఘనత తెలుగువాడిదే. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసేదాకా ఆక్సిజన్ గొట్టాలతో ఉన్నవాళ్లు హైవే మీద పడిగాపులు కాశారు. భాష ఒకటే. రక్తం ఒకటే. టోల్‌గేటు మాత్రం వేరు.

ఇంట్లోనే ఉండమన్నారు కదా, ఇంటికే వైద్యం రాలేదా అంటారా? ఎందుకు రాలేదు? 2020 ఏప్రిల్‌లో 14410 నంబరు వచ్చింది. ఫోన్ చేస్తే డాక్టర్ పలుకుతాడు. జలుబుకు, జ్వరానికి, బీపీ మాత్రకు నిజంగానే పనికొచ్చింది. కీమోకు? సెల్‌ఫోన్లోంచి సెలైన్ ఎక్కించే యాప్ ఇంకా రాలేదు. వస్తే మన సర్కారే ముందు ప్రారంభోత్సవం చేస్తుంది. సందేహం లేదు.

పోనీ జిల్లా పెద్దాస్పత్రి? దాన్ని రాష్ట్ర స్థాయి కోవిడ్ ఆస్పత్రిని చేశారు. ఎంపిక చేసిన నాలుగింటిలో నెల్లూరు ఒకటి, తిరుపతి స్విమ్స్ ఇంకొకటి. అంటే చెన్నై దారి మూసేశాక మనకు మిగిలిన సర్కారు తలుపులు రెండింటి మీదా కరోనా బోర్డే. మంచాలు కావాలి, నిజం. డాక్టర్లు కావాలి, నిజం. కానీ ఉన్న పెద్దాస్పత్రి మొత్తాన్ని ఒక్క రోగానికే రాసిచ్చేటప్పుడు, మిగతా రోగాలవాళ్లు ఎక్కడికి పోవాలో ఇంకో కాగితం మీద రాయాలా, వద్దా?

రాశామంటారు ఢిల్లీవాళ్లు. అవును, రాశారు. 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు తాఖీదు పంపింది. డయాలసిస్, రక్తమార్పిడి, కీమోథెరపీ, కాన్పులు ఆగకూడదని గట్టిగా చెప్పింది. ఉత్తరాలు రాయడంలో మనల్ని కొట్టేవాడు లేడు. ఆ ఉత్తరం ఢిల్లీలో బయల్దేరింది. రాజధానిలో ముద్ర వేయించుకుంది. కలెక్టరేట్లో ఫైలెక్కింది. తడ చెక్‌పోస్టుకు వచ్చేసరికి దానికీ పాసు దొరకలేదు కాబోలు!

బులెటిన్‌లో లేని చావులు

ఆ రోజుల్లో ప్రతి సాయంత్రం ఒక బులెటిన్. ఇవాళ ఎన్ని కేసులు, ఎన్ని చావులు. జిల్లాల వారీగా, రంగురంగుల పట్టీలో. కీమో ఆగినవాళ్లు ఎందరు? ఆపరేషన్ తేదీ దాటిపోయినవాళ్లు ఎందరు? ఆ గడి ఎక్కడ? లెక్కపెట్టని చావుకు జవాబు చెప్పక్కర్లేదు. అదే దాని సుఖం.

లెక్క వేసినవాళ్లు వేరే ఉన్నారు. దేశంలోని 41 క్యాన్సర్ కేంద్రాల వివరాలను నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ వైద్యులు కూడగట్టారు. 2020 మార్చి నుంచి మే దాకా మూడు నెలలను, 2019లో అవే మూడు నెలలతో పోల్చారు. లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో 2021లో అచ్చయింది. కొత్తగా పేరు నమోదు చేసుకున్న రోగులు 1,12,270 నుంచి 51,760కి పడిపోయారు. సగానికి పైగా మాయం! పెద్ద ఆపరేషన్లు 17,120 నుంచి 8,677కు దిగాయి. ఓపీలో కీమో 37 శాతం తగ్గింది. 70 శాతానికి పైగా కేంద్రాల్లో ముందస్తు పరీక్షలు పూర్తిగా ఆగాయి, లేదా పావు వంతు లోపుకు కుంగాయి.

ఆ మాయమైన అరవై వేల మందికి క్యాన్సర్ నయమైపోయిందా? లాక్‌డౌన్ కదా అని గడ్డ కూడా ఇంట్లో కూర్చుందా? కణానికి కర్ఫ్యూ ఉంటుందా? అది పెరుగుతూనే ఉంది. చూసేవాడే లేడు. మూడు నెలల తర్వాత ఆస్పత్రికి చేరినవాడు వెంట తెచ్చింది పాత గడ్డను కాదు. దాని పెదనాన్నను.

2020 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఇంకో లెక్క చెప్పింది. చికిత్స నాలుగు వారాలు ఆలస్యమైతే మరణించే ముప్పు, క్యాన్సర్ రకాన్ని బట్టీ చికిత్సను బట్టీ, 6 నుంచి 13 శాతం దాకా పెరుగుతుందట. నాలుగు వారాలంటే ఎంత? మన ఆఫీసుల్లో ఒక ఫైలు ఒక బల్ల నుంచి పక్క బల్లకు జరిగే కాలం.

ఇంకో అంకె వినండి. 2020లో దేశంలో క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఎనిమిదిన్నర లక్షలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఆ ఏడాది ఆఖరుకు కరోనా మరణాలు సర్కారు లెక్కలో లక్షన్నర లోపు. కరోనా మీద ఇంత హడావుడి ఎందుకని కాదు ఈ మాట. అది లేకపోతే ఇంకెందరు పోయేవారో. ఎనిమిదిన్నర లక్షల రోగానికి కనీసం ఒక గేటు ఎందుకు తీయలేదని!

తీయాలనుకుంటే తీస్తారు

చేతకాలేదంటే నమ్మేవాళ్లం. వాళ్లకు చాలా చేతనైంది.

2020 మే 4. చెన్నైకి రైలు లేదు. కీమోకు దారి లేదు. మద్యం దుకాణాలు మాత్రం తెరుచుకున్నాయి. పొద్దున్నే బారులు. రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచారు. అది కూడా జనాన్ని తాగుడు మాన్పించడానికేనట! అప్పటికి తమిళనాడులో ఇంకా దుకాణాలు తెరవలేదు. అక్కడి మద్యం ప్రియులు చిత్తూరు వైపు గీత దాటి వచ్చి మన వరసల్లో నిలబడ్డారు. చూశారా? సరిహద్దు దాటడం ఎంత సులువో! సీసా కోసం వచ్చేవాడికి సందు దొరుకుతుంది. సెలైన్ సీసా కోసం వెళ్లేవాడికే దొరకదు.

2021కి రండి. ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు. మార్చిలో మున్సిపల్. ఏప్రిల్ 8న పరిషత్. ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక. మన సర్వేపల్లి, గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట అన్నీ అందులోవే. ఆ ఉప ఎన్నిక ఎందుకొచ్చింది? కరోనా సోకి చెన్నైలో చికిత్స పొందుతూ ఎంపీ కన్నుమూశారు కనుక. మహమ్మారి తెచ్చిపెట్టిన ఎన్నికను మహమ్మారి రెండో అల ఎగసిపడుతుండగా జరిపారు. ఓటరు మాత్రం బూత్ దాకా వెళ్లొచ్చు. సిరా వేలికి వైరస్ అంటదు. కీమో సూది గుచ్చే చేతికే అంటుతుంది. ఏం శాస్త్రమండీ ఇది?

నెల తిరిగింది. కృష్ణపట్నం. కరోనాకు ఆనందయ్య నాటుమందు. మధ్యాహ్నం 12 దాటితే రాష్ట్రమంతా కర్ఫ్యూ. అయినా కృష్ణపట్నం దారి కిటకిటలాడింది. ఆటోలు, కార్లు, అంబులెన్సులు. పక్క రాష్ట్రాల బండ్లు. మే 21న వేలమంది మీద పడ్డాక పంపిణీ ఆపారు. ఆయుష్ వాళ్లు వచ్చారు. ఐసీఎంఆర్ పేరు వినిపించింది. నిపుణుల నివేదికలు పరిగెత్తుకుంటూ వచ్చాయి. మే 31కల్లా కంట్లో వేసే చుక్కలను పక్కనపెట్టి మందుకు సర్కారు పచ్చజెండా ఊపింది. పది రోజులు! ఫైలు పది రోజుల్లో కదిలింది! ఆనందయ్యను ఏమీ అనక్కర్లేదు. ఆయన డబ్బు అడగలేదు. ప్రాణభయంతో పరిగెత్తిన జనాన్నీ అనక్కర్లేదు. అనాల్సింది ఒక్కరినే. రుజువు కావాల్సిన మందు కోసం పది రోజుల్లో దారి వేసిన యంత్రాంగం, ఎన్నడో రుజువైన కీమో కోసం ఎన్ని రోజుల్లో వేసింది?

మహమ్మారిలో క్యాన్సర్ వైద్యం కుదిరే పని కాదని ఎవరైనా గొణిగితే ముంబై టాటా మెమోరియల్ వైపు చూపించండి. అప్పట్లో దేశంలోకెల్లా ఎక్కువ కరోనా ఉన్న నగరం అది. 2020 మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 దాకా ఆ ఆస్పత్రి 494 క్యాన్సర్ ఆపరేషన్లు చేసింది. ఆపరేషన్ తర్వాత చనిపోయినవాళ్లు? సున్నా. మంత్రం వేశారా? లేదు. రోగులను వడకట్టారు. సిబ్బందిని వంతులుగా విడదీశారు. తలుపు మాత్రం మూయలేదు. అంతే. అదే సమయంలో ఇంగ్లండ్ డాక్టర్లు మరో దారి చూపారు. రొమ్ము క్యాన్సర్‌లో తగిన రోగులకు 15 సార్లు పెట్టే రేడియేషన్‌ను 5 సార్లలో, వారం రోజుల్లో ముగించినా ఫలితం తగ్గదని తేల్చారు. 2020 ఏప్రిల్‌లోనే అచ్చయింది. డాక్టర్లు ఆస్పత్రికి వచ్చే రోజులు తగ్గించే దారి వెతుకుతుంటే, మన ఆఫీసర్లు దారే తగ్గించారు.

బోర్డు మారింది, బకాయి మారలేదు

సరే, అయిపోయిన పెళ్లికి బాజాలెందుకంటారా? ఇది అయిపోయిన పెళ్లి కాదు. మళ్లీ వస్తుంది. వైరస్ రాకపోతే వరద వస్తుంది. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. జాతీయ రహదారి తెగింది. కరోనా ఇంకా పోలేదు, అప్పుడే ఇంకో తాళం. ఆ రోజు చెన్నైలో కీమో తేదీ ఉన్నవాడి సంగతేమిటి? పాత కథే.

తిరుపతిలో పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి వచ్చింది కదా అంటారు. వచ్చింది. సంతోషం. టాటా ట్రస్టులు, టీటీడీ కలిసి కట్టినదానికి 2018 ఆగస్టులో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేస్తే 2022 మే 5న మరో ముఖ్యమంత్రి రిబ్బన్ కత్తిరించారు. సరిగ్గా అవసరమైన రెండేళ్లూ కొబ్బరికాయకూ కత్తెరకూ మధ్య గడిచిపోయాయి.

2024 నవంబరులో ఇంటింటికీ వచ్చి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు పరీక్షలు చేయడం మొదలుపెట్టారు. ఇదీ మంచిదే. రోగం ముందే బయటపడుతుంది. బయటపడ్డాక? ఆస్పత్రికి పోవాలి. అక్కడ ఏముంది? బకాయి.

2007లో మొదలైనప్పుడు ఆరోగ్యశ్రీ పథకం రాజీవ్ పేరు మీద ఉంది. తర్వాత ఎన్టీఆర్ వచ్చారు. 2019లో వైఎస్సార్ వచ్చారు. 2024లో మళ్లీ ఎన్టీఆర్. బోర్డులు రాసే పెయింటర్లు బాగుపడ్డారు. 2024 మేలో బిల్లులు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపాయి. అప్పుడు ఒక పార్టీ. 2025 అక్టోబరులో బిల్లులు రాలేదని మళ్లీ ఆపాయి. ఇప్పుడు ఇంకో పార్టీ. కరోనా లేదు. లాక్‌డౌన్ లేదు. రైలు నడుస్తోంది. గేటు తెరిచే ఉంది. అయినా వైద్యం ఆగింది. మహమ్మారి ఒకసారి చేసిన పనిని ఖజానా ఏటా చేస్తుంటే దానికి ఏ టీకా వేయాలి? మీసం మెలేసే అధికార పార్టీ, వేలు చూపించే ప్రతిపక్షం సీట్లు మార్చుకుంటాయి. మంచం మీదున్నవాడు మారడు.

మరి ఏం చేయాలి? రాకెట్ విద్యేమీ కాదు. అది పక్కనే శ్రీహరికోటలో ఉంది, అడిగితే వాళ్లే చేసిపెడతారు. చికిత్స మధ్యలో ఉన్న క్యాన్సర్ రోగి ఆస్పత్రి ఫైలే పాసు అని ఒక్క వాక్యం రాయండి. రాష్ట్రాల మధ్య ఒప్పందంగా రాయండి. తడలోనూ చెల్లాలి, ఆరంబాక్కంలోనూ చెల్లాలి. రోగి వెంట ఒక మనిషికీ చెల్లాలి. జిల్లాకున్న పెద్దాస్పత్రిని మొత్తంగా ఒక్క రోగానికి రాసివ్వకండి. ఒక వార్డు, ఒక దారి, కొందరు సిబ్బంది క్యాన్సర్‌కు విడిగా ఉంచండి. చెన్నైలో మొదలైన కీమో ఆ డాక్టరు చీటీ మీదే నెల్లూరులో ఎక్కేలా చూడండి. జిల్లా ఆస్పత్రులన్నింటిలో మూడేళ్లలో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు పెడతామని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది. బడ్జెట్ పుస్తకంలో పడక వేస్తే రోగి పడుకోలేడు. కావలిలో వేయండి. గూడూరులో వేయండి. నయం కాదని తేలినవాళ్లకు నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇంటికి చేర్చండి. నొప్పితో మెలికలు తిరిగేవాణ్ని పాసు అడగకండి. వాడి బిల్లు మీద సంతకం పెట్టడానికి సంక్రాంతి దాకా ఆగకండి. ఈసారి బులెటిన్ వేస్తే అందులో ఇంకో గడి గీయండి: ఇవాళ ఆగిన కీమోలు ఎన్ని?

ఇవన్నీ కలిపి రాస్తే ఒక్క పేజీ. రొయ్య కోసం ఉత్తర్వు కూడా అంతే ఉంటుంది.

రాయరు. అడగనిదే రాయరు. రొయ్య రైతుకు సంఘం ఉంది. ఎగుమతిదారుకు పలుకుబడి ఉంది. మద్యానికి ఆదాయం ఉంది. ఎన్నికకు తేదీ ఉంది. కీమో తేదీ ఒక్కదానికే వెనక ఎవరూ లేరు. జుట్టు ఊడి, నోరు పూసి, నిలబడే ఓపిక లేనివాడు ధర్నా చేయలేడు. ఆ ధర్నా మీరే చేయాలి.

ఓట్లకు మళ్లీ మీ వీధికి వస్తారు. ఏ జెండా పట్టుకొచ్చినా సరే, ఒక్కటే అడగండి. "రేపు మళ్లీ తాళం పడితే క్యాన్సర్ రోగికి గేటు తీసే కాగితం రాసిపెట్టారా? రాస్తే చూపించండి." కాగితం చూశాకే మెడలో దండ వేయండి.